సెకండ్‌హ్యాండ్ ఎస్ప్రెసో యంత్రంలో పేరుకున్న సున్నాన్ని జాగ్రత్తగా తొలగించే విధానం

ఎవరో వాడిన ఎస్ప్రెసో యంత్రాన్ని కొన్నప్పుడు, అందులో ఇన్నాళ్లూ ఎలాంటి నీరు పోశారో, సున్నపు పొరను ఎప్పుడైనా తొలగించారో లేదో మనకు తెలియదు. కఠిన జలం వేడెక్కినప్పుడు అందులో కరిగి ఉన్న బైకార్బనేట్ విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా మారి, బాయిలర్ గోడలకూ హీటింగ్ ఎలిమెంట్‌కూ గట్టి పొరగా పట్టుకుంటుంది. ఆమ్లం తగిలితే ఆ పొర కరుగుతుంది. అయితే ఏళ్ల తరబడి పేరుకున్న సున్నం ఘాటైన ఆమ్లం తగిలినప్పుడు పూర్తిగా కరగకముందే పెచ్చులుగా ఊడి, నీటి దారిని విద్యుత్తుతో తెరిచి మూసే సొలినాయిడ్ వాల్వులోనో సన్నని గొట్టాలలోనో ఇరుక్కుంటుంది. అంతవరకు మందకొడిగానైనా పనిచేసిన యంత్రం ఆ తరువాత పూర్తిగా ఆగిపోవచ్చు. అందుచేత పలచని ద్రావణాన్ని తక్కువ సేపు ఉంచి, అవసరమైతే మరో విడత చేయడమే పాత యంత్రానికి తగిన పద్ధతి అని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ చెప్పేది ఇళ్లలో వాడే, నీళ్ల ట్యాంకూ ఒకే చిన్న బాయిలరూ లేదా థర్మోబ్లాకూ (నీరు గుండా వెళ్తుండగానే దాన్ని వేడిచేసే లోహపు దిమ్మె) ఉన్న యంత్రాల గురించి మాత్రమే. ఆవిరి కోసం పెద్ద బాయిలర్ ఉండి, దాని లోపలి గొట్టం గుండా కాఫీ నీరు వెళ్లే హీట్ ఎక్స్ఛేంజర్ యంత్రాలలోకీ, రెండు బాయిలర్ల యంత్రాలలోకీ ఇంట్లో ఆమ్లాన్ని ఎక్కించకండి. ఆ బాయిలర్లను ఖాళీ చేయడం, కడగడం అంత తేలిక కాదు. పైగా ఆవిరి బాయిలర్ 120 డిగ్రీల సెల్సియస్ ప్రాంతపు వేడితో, ఒత్తిడితో పనిచేస్తుంది. పాత సేఫ్టీ వాల్వు సున్నంతో బిగుసుకుపోయి ఉంటే ఆ ఒత్తిడి ప్రమాదకరమవుతుంది కనుక, వాటిని తెలిసిన టెక్నీషియన్‌కు అప్పగించడమే మేలు.

మొదట ప్లగ్గు తీసి, యంత్రం పూర్తిగా చల్లారాక వైరును చివరిదాకా పరిశీలించండి. పగిలిన తొడుగు, కాలిన మరక, వదులైన ఎర్త్ పిన్ను కనిపిస్తే వాటిని బాగుచేయించేవరకు స్విచ్ వేయవద్దు. ఎర్తింగ్ సరిగా ఉండి, విద్యుత్తు లీకైతే సరఫరాను నిలిపివేసే బ్రేకర్ రక్షణ ఉన్న సాకెట్‌లోనే దీన్ని వాడాలి. వేడెక్కుతుండగా ఆ బ్రేకర్ పడిపోతే, ఎలిమెంట్ పైతొడుగు దెబ్బతిని ఉండవచ్చు. దానికి మరమ్మతు చేయించాలే తప్ప సున్నం తొలగించడం వల్ల ప్రయోజనం ఉండదు.

తరువాత మంచినీటితో ఒకసారి నడిపి చూడండి. నీటి ధార సన్నగా రావడానికి సున్నమే కారణమని వెంటనే నిర్ణయించుకోకూడదు, ఎందుకంటే గ్రూప్ హెడ్ (కాఫీ పొడి మీదకు వేడినీరు దిగే భాగం) అడుగున ఉండే జల్లెడకు కాఫీ జిడ్డు పట్టినా అదే లక్షణం కనబడుతుంది. ఆవిరి గొట్టం నుంచి నీరు ధారాళంగా వస్తూ గ్రూప్ నుంచి మాత్రమే తగ్గినట్లయితే, ముందు జల్లెడ విప్పి శుభ్రం చేయండి. జిడ్డును తీసేది క్షార గుణం ఉన్న కాఫీ డిటర్జెంట్, సున్నాన్ని తీసేది ఆమ్లం. ఒకదాని పని రెండోది చేయదు, ఆ రెండింటినీ ఒకేసారి వాడకూడదు. ఇక బ్లీచింగ్ ద్రావణాన్ని ఆమ్లానికి దగ్గరగా కూడా రానివ్వకండి, ఆ రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

ఆమ్లాన్ని ఎంచుకునే ముందు మోడల్ నంబరు ఆధారంగా తయారీదారు పుస్తకాన్ని వెతికి, బాయిలర్ ఏ లోహంతో చేసినదో తెలుసుకోవాలి. ఈ పని మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. స్టెయిన్‌లెస్ స్టీలు పలచని నిమ్మఉప్పు (సిట్రిక్ ఆమ్లం) ద్రావణాన్ని బాగానే తట్టుకుంటుంది. ఇత్తడి, రాగి భాగాలను ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచితే లోహం కూడా కొంత కరుగుతుంది. అల్యూమినియం బాయిలర్‌ను ఆమ్లం ఇంకా తేలికగా తినేస్తుంది కాబట్టి, ఆ లోహానికి తగినదని సీసా మీద స్పష్టంగా రాసి ఉన్న, సున్నాన్ని కరిగించే డీస్కేలర్‌నే వాడాలి. లోహం ఏమిటో తేలకపోతే అల్యూమినియం అనే భావించి నడుచుకోండి. వెనిగర్‌ను నేను సిఫారసు చేయను. దాని వాసన చాలాకాలం వదలదు, రబ్బరు సీళ్లకూ అది మంచిది కాదు.

నిమ్మఉప్పు వాడదలిస్తే లీటరు గోరువెచ్చని నీటిలో 15 నుంచి 20 గ్రాములు వేసి, పలుకు మిగలకుండా కరిగించండి. చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి, గాలి ఆడే చోట, పాలరాయి గట్టుకు దూరంగా పనిచేయాలి, ఎందుకంటే పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే. ట్యాంకులో నీటిని మెత్తబరిచే ఫిల్టర్ ఉంటే దాన్ని, జల్లెడనూ తీసి పక్కన పెట్టండి. యంత్రాన్ని కొద్దిగా వెచ్చబరిచి హీటింగ్ ఆపిన తరువాత, గ్రూప్ నుంచి ఒక కప్పు, ఆవిరి గొట్టం నుంచి ఒక కప్పు ద్రావణం వచ్చేలా పంపు నడిపి, పది నిమిషాలు అలాగే వదిలేయండి. హీటింగ్‌ను విడిగా ఆపే వీలు లేని యంత్రమైతే తయారీదారు చెప్పిన క్రమాన్నే పాటించాలి. సున్నం కరిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది కనుక, ఆ సమయంలో ఆవిరి కుళాయిని కొద్దిగా తెరిచి, దాని కింద పాత్ర ఉంచండి. ద్రావణాన్ని మరిగించవద్దు, వేడి ఎక్కువైతే నిమ్మఉప్పు, సున్నం కలిసి సులభంగా కరగని కాల్షియం సిట్రేట్‌గా తిరిగి పేరుకునే అవకాశం ఉంది. ఆమ్లపు ఆవిరిని పీల్చడం కూడా మంచిది కాదు.

పది నిమిషాలకొకసారి కొంత ద్రావణాన్ని తెల్లని కప్పులోకి వదిలి రంగు చూడండి. తెల్లటి మడ్డి, పలుకులు వస్తే సున్నం కదులుతున్నట్లు. నీలం లేదా ఆకుపచ్చ రంగు వస్తే రాగి కరుగుతున్నట్లు. ఆ క్షణమే ఆపి కడగడం మొదలుపెట్టాలి. ధార అకస్మాత్తుగా నిలిచిపోయి పంపు శబ్దం మారితే పెచ్చు అడ్డుపడిందని అర్థం, పంపును బలవంతంగా నడపకుండా ఆపేయండి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా చూస్తూ ఊరుకోకూడదు. నీరు లేకుండా నడిస్తే పంపు, ఎలిమెంట్ రెండూ చెడతాయి.

కడగడంలో ఓపిక తగ్గనివ్వకండి. కనీసం మూడు ట్యాంకుల మంచినీటిని గ్రూప్ నుంచీ ఆవిరి గొట్టం నుంచీ పంపి, చివరగా వచ్చే నీటినీ ట్యాంకులో పోసిన నీటినీ ఆమ్లత్వాన్ని రంగుతో చూపే పి.హెచ్. పట్టీలతో పోల్చండి, రెండూ ఒకేలా చూపేవరకు కడుగుతూనే ఉండాలి. ఇది రుచి కోసం మాత్రమే కాదు. పోర్టాఫిల్టర్ (కాఫీ పొడి నింపి గ్రూప్ హెడ్ కు బిగించే పిడి గిన్నె) ఉన్న కొన్ని ఎస్ప్రెసో యంత్రాలలో, ముఖ్యంగా సున్నం తొలగించిన వెంటనే, నీటిలోకి సీసం ఎక్కువగా విడుదలవుతున్నట్లు జర్మనీకి చెందిన ప్రభుత్వ ప్రమాద అంచనా సంస్థ బి.ఎఫ్.ఆర్. 2013లో ప్రకటించింది. పాత ఇత్తడి భాగాలలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి, కడిగిన తరువాత తీసే మొదటి కొన్ని కాఫీలను కూడా పారబోయండి. ఇంట్లో గర్భిణులో చిన్నపిల్లలో ఉంటే యంత్రంలోని నీటిని సీసం కోసం ప్రయోగశాలలో పరీక్ష చేయించడం మంచిది.

అంతా అయ్యాక ఫిల్టర్, జల్లెడ తిరిగి బిగించి, యంత్రాన్ని పూర్తిగా వేడెక్కించి కొంతసేపు దగ్గరే ఉండి గమనించండి. అరిగిన సీళ్ల సందులను అంతవరకు సున్నమే మూసి ఉంచి ఉండవచ్చు, అది పోగానే అక్కడ చెమ్మ కనిపిస్తుంది. అప్పుడు ప్లగ్గు తీసి ఆ సీళ్లు మార్పించాలి. ధార ఇంకా సన్నగానే ఉంటే మరో రోజు ఇదే బలంతో రెండో విడత చేయండి, నిమ్మఉప్పు పాళ్లు పెంచవద్దు. ఇకపై పోసే నీటి కఠినత్వాన్ని పట్టీతో కొలిచి, ఎక్కువగా ఉంటే మెత్తబరిచే ఫిల్టర్ వాడండి. లవణాలు ఏమాత్రం లేని శుద్ధజలం మాత్రం వద్దు. కొన్ని యంత్రాలలో నీటి మట్టాన్ని పసిగట్టే సెన్సారు ఆ నీటిని గుర్తించలేదు.