ఈజీ రన్‌ను యాప్ టెంపో అంటోందా? ముందు ఇవి సరిచూసుకోండి

నిదానంగా, పక్కవాళ్లతో మాట్లాడుతూ పరుగెత్తి వచ్చాక రన్నింగ్ యాప్‌లో ‘టెంపో’ (కాస్త కష్టమైన, నిలకడైన వేగపు పరుగు) అని కనిపిస్తే, ఫిట్‌నెస్ తగ్గిపోయిందేమోనని చాలామంది టెన్షన్ పడతారు. ముందుగా యాప్‌కు అందిన అంకెలను అనుమానించండి. మీరు ఏ ఉద్దేశంతో పరుగెత్తారో దానికి తెలియదు. ఏ హార్ట్ రేట్ జోన్‌లో (గరిష్ఠ హార్ట్ రేట్‌లో ఎంత శాతం అన్నదాన్ని బట్టి చేసిన విభాగం) ఎంతసేపు ఉన్నారు, వేగం ఎంత మారింది, ఎంత దూరం వెళ్లారు అనేవి చూసి పేరు పెడుతుంది.

సమస్య: ఈజీ రన్ ప్రతిసారీ కష్టమైనదిగా నమోదవుతోంది

ఎక్కువగా తప్పు గరిష్ఠ హార్ట్ రేట్ దగ్గరే ఉంటుంది. మీరు ఏమీ ఇవ్వకపోతే చాలా యాప్‌లు 220 నుంచి వయసు తీసేసి లెక్క కడతాయి. 40 ఏళ్ల వ్యక్తికి 180 వస్తుంది. అతని అసలు గరిష్ఠం 192 అనుకుందాం. 130 దగ్గర పరుగెత్తితే యాప్ లెక్కలో అది 72 శాతం; మూడో జోన్ 70 శాతం దగ్గర మొదలయ్యే యాప్‌లో అది మూడో జోన్. నిజానికి 68 శాతం లోపే, రెండో జోన్. ఆ ఒక్క అంకెతో పేరు మారిపోతుంది.

గట్టిగా పరుగెత్తిన రేసు చివర్లో ఛాతీ బెల్టుతో నమోదైన అత్యధిక విలువను సెట్టింగ్స్‌లో ఇవ్వండి. థ్రెషోల్డ్ (చాలాసేపు నిలబెట్టుకోగలిగిన గట్టి శ్రమ దగ్గరి హార్ట్ రేట్) ఆధారంగా జోన్లు పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది: 30 నిమిషాలు నిలబెట్టుకోగలిగినంత గట్టిగా ఒంటరిగా పరుగెత్తి, చివరి 20 నిమిషాల హార్ట్ రేట్ సగటు తీసుకోండి. గుండె ఇబ్బందులున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఈ పరీక్ష చేయొద్దు.

సమస్య: మొదటి నిమిషాల్లోనే హార్ట్ రేట్ 170 దాటి అక్కడే ఉండిపోతోంది

మణికట్టు సెన్సర్ నాడికి బదులు అడుగుల లయను పట్టుకుని ఉండొచ్చు. కేడెన్స్ (నిమిషానికి వేసే అడుగులు) గ్రాఫ్‌ను హార్ట్ రేట్ గ్రాఫ్ పక్కన పెట్టి చూడండి. రెండు గీతలూ కలిసి నడుస్తుంటే అదే కారణం. వాచ్‌ను మణికట్టు ఎముకకు కాస్త పైన, కదలకుండా బిగించండి. అయినా తగ్గకపోతే ఛాతీ బెల్టు వాడండి.

సమస్య: ఇంటర్వెల్స్ చేస్తే ‘ఈజీ’ అంటోంది

ఇంటర్వెల్స్ అంటే మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ చేసే చిన్న వేగపు పరుగులు. 200 మీటర్ల పరుగులో హార్ట్ రేట్ పైకి చేరేలోపే ఆ పరుగు అయిపోతుంది. పైగా కిలోమీటరుకో ల్యాప్ పెడితే వేగం, విశ్రాంతి ఒకే సగటులో కలిసిపోతాయి. ఆటో పాజ్ (మీరు ఆగగానే రికార్డింగ్ తానే ఆపే సెట్టింగ్) ఉంటే నిలబడ్డ సమయం లెక్కలోకే రాదు. వర్కౌట్‌ను ముందే వాచ్‌లో దశలుగా తయారుచేసుకోండి, లేదా ప్రతి పరుగు మొదట్లో, చివర్లో ల్యాప్ బటన్ నొక్కండి. ఆటో పాజ్ ఆపేయండి.

ఎండలో లాంగ్ రన్ చేస్తే అదే వేగానికి హార్ట్ రేట్ మెల్లగా పెరుగుతూ పోతుంది. ఇది సెన్సర్ లోపం కాదు, శరీరం చల్లబడటానికి పడే శ్రమ. అలాంటి రోజున యాప్ ‘టెంపో’ అన్నా సెట్టింగ్స్ జోలికి వెళ్లకండి.

స్ట్రావా అనే రన్నింగ్ యాప్‌లో లాంగ్ రన్, వర్కౌట్, రేస్ అనే రకాలను మీరే ఎంచుకోవచ్చు. కానీ పేరు మార్చినంత మాత్రాన హార్ట్ రేట్ నుంచి వచ్చే శ్రమ అంకె మారదు. అందుకే ముందు జోన్లు సరిచేసి, ఆ తర్వాతే పేర్లు మార్చండి.