పాత హారర్ సినిమా డిస్కులు: కొనే ముందు నిడివి, కొన్నాక చీకటి

పాత హారర్, సస్పెన్స్ సినిమాల్లో భయమంతా చీకట్లోనే దాక్కుంటుంది. ఆ చీకటి బూడిదరంగుకు తిరిగినా, గడులు గడులుగా విడిపోయినా ఇక మిగిలేది మేకప్ వేసుకున్న నటులూ, అట్ట గోడలూ. కాబట్టి ఏ సినిమా కొనాలన్నది తేలాక, దాని ఏ కాపీ కొనాలన్నది ఇంకాస్త ఓపిగ్గా తేల్చుకోవాలి.

మొదట పెట్టె వెనక రాసిన నిడివి చదవండి. ఈ తరహా సినిమాలు సెన్సార్ కత్తెరకు తెగ బలయ్యాయి. 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో చిన్నపిల్లను చెరువులోకి విసిరే ముక్క దశాబ్దాల పాటు కాపీల్లో లేదు, 1980ల్లో గానీ తిరిగి చేరలేదు. అయితే నిడివి తగ్గిన ప్రతిచోటా కోత పడిందనుకోకూడదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. యూరప్‌లో వాడే పాల్ (PAL) అనే టీవీ పద్ధతి డీవీడీల్లో దాన్ని 25 ఫ్రేములతో నడిపిస్తారు. అంటే 4 శాతం వేగం. 109 నిమిషాల ‘సైకో’ అలాంటి డిస్క్‌లో 105 నిమిషాల లోపే అయిపోతుంది. గొంతులు కూడా ఒక్క పిసరు సన్నబడతాయి. లెక్క సులువు: పెట్టె మీది నిమిషాలను 0.96తో భాగించండి. అసలు నిడివి వచ్చిందా, అది వేగం మహిమ. రాలేదా, ఏదో ఎగిరిపోయినట్టే. బ్లూ-రేలో సినిమా మామూలుగా 24 ఫ్రేములతోనే ఉంటుంది కాబట్టి అక్కడ ఈ సర్దుబాటు అక్కర్లేదు.

మూకీలకు ఈ లెక్క పనికిరాదు. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు, వేగం సినిమా సినిమాకూ మారేది, చాలా వరకు 24 కంటే తక్కువే. అలాంటిదాన్ని 24తో ఉరికిస్తే రక్తపిశాచి కూడా బస్సు తప్పిపోతున్నవాడిలా పరుగెడతాడు. 1922 నాటి ‘నోస్ఫెరాటు’ కొనేవాళ్లు ఇంకోటి చూడాలి: రంగు. రాత్రి సన్నివేశాలను పగటి వెలుగులోనే తీసి, కాపీలకు నీలిరంగు అద్ది రాత్రి అనిపించారు. ఆ రంగు తీసేసిన ఉత్త నలుపు-తెలుపు కాపీలో, ఎండ పొడ గిట్టని రక్తపిశాచి కౌంట్ మిట్టమధ్యాహ్నం శవపేటిక చంకన పెట్టుకుని వీధుల్లో తిరుగుతుంటాడు. కొనే ముందు స్క్రీన్‌షాట్లు వెతకండి. బయట రాత్రికి నీలం, ఇంటి లోపలికి పసుపు కనిపించాలి. జర్మనీలోని మూర్నావ్ ఫౌండేషన్ పునరుద్ధరించిన కాపీ సుమారు 94 నిమిషాలు.

చవక డిస్కుల సంగతి. 1968లో వచ్చిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’కు విడుదలకు ముందు పేరు మార్చారు. టైటిల్ కార్డు మార్చేటప్పుడు దాని మీదున్న కాపీరైట్ గుర్తు ఎగిరిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ గుర్తు లేకపోతే హక్కూ లేదు. దాంతో ఎవరికి దొరికిన కాపీని వాళ్లు డిస్కులుగా వేసి అమ్ముకున్నారు. అరిగిపోయిన 16 ఎంఎం ప్రింట్లూ, వీడియో టేపు నుంచి ఎత్తిపోసినవీ అన్నీ అందులోకే వస్తాయి. అదే సినిమాను 2016లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, పాత సినిమాలను కాపాడే ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి అసలు నెగెటివ్ నుంచి 4కేలో పునరుద్ధరించాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే సినిమా అని నమ్మబుద్ధి కాదు.

హక్కుల్లేని సినిమా కొనేటప్పుడు పెట్టె మీద వెతకాల్సింది ఒక్కటే: ఏ నెగెటివ్ నుంచి, ఏ ప్రింట్ నుంచి తీశారో రాశారా, లేదా. ‘డిజిటల్‌గా మెరుగుపరచినది’ అన్న మాటకు విలువ లేదు. ‘50 సినిమాలు ఒకే పెట్టెలో’ రకం జోలికి వెళ్లొద్దు. రెండు పొరల డీవీడీలో ఒక వైపు పట్టేది 8.5 జీబీ. అందులో మూడు నాలుగు సినిమాలు కుక్కితే ముందు చచ్చేది నీడే. చీకటి మూలను పాజ్ చేసి దగ్గరగా చూడండి, చిన్న చిన్న చదరాలు కదలాడుతుంటాయి. దాన్ని గ్రెయిన్ అనుకోవద్దు. గ్రెయిన్ ఫిల్మ్ సహజగుణం, సన్నటి ఇసుకలా తెర అంతటా సమానంగా ఉంటుంది. దాన్ని సాంతం తుడిచేసిన డిస్కుల్లో ముఖాలు మైనపు బొమ్మల్లా కనిపిస్తాయి. అదీ లోపమే.

ఫ్రేము ఆకారం కూడా చూసుకోండి. 1950ల తొలినాళ్ల దాకా హాలీవుడ్ సినిమాల ఆకారం (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 1.37:1. టీవీలో ఎడమా కుడీ నల్ల పట్టీలు ఉండి తీరాలి. టాకీలు మొదలైన కొత్తల్లో వచ్చిన ‘ఎం’, ‘వాంపైర్’ ఇంకా ఇరుకు, 1.19:1. వీటిని మామూలు ఆకారంలో ఇరికించిన పాత డిస్కుల్లో పైనో కిందో తెగుతుంది. అన్నట్టు ‘వాంపైర్’ మసకగా ఉందని డిస్క్ వెనక్కి పంపకండి. లెన్సు ముందు పల్చటి గుడ్డ అడ్డం పెట్టి కావాలనే అలా తీశారు.

టీవీ సిరీస్‌ల చిక్కు వేరు. పునఃప్రసారాల్లో ప్రకటనలకు చోటివ్వడానికి ఎపిసోడ్లను కత్తిరించేవారు, కొన్ని చవక సెట్లు ఆ కాపీల నుంచే వచ్చాయి. 1950, 60ల నాటి అరగంట ఎపిసోడ్ దాదాపు 25 నిమిషాలు ఉండాలి. 21, 22 అని ఉంటే వదిలేయండి. ‘ద ట్వైలైట్ జోన్’ 1959 నుంచి 1964 దాకా 156 ఎపిసోడ్లు. నాలుగో సీజన్‌లోని 18 మాత్రం గంటవి. రెండో సీజన్‌లో ఆరింటిని ఖర్చు తగ్గించుకోవడానికి ఫిల్మ్ మీద కాకుండా వీడియో టేపు మీద తీశారు. అవి ఎంత మంచి బ్లూ-రేలో వేసినా మెత్తగా, స్టేజి నాటకంలా ఉంటాయి. హిచ్‌కాక్ సిరీస్ అయితే పేరు సరిగ్గా చదవండి: ‘ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రెజెంట్స్’ 1955–62 నాటి అరగంటది, ‘ద ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ అవర్’ 1962–65 నాటి గంటది. ఒకటి కొంటే రెండోది రాదు.

వేరే దేశం నుంచి తెప్పిస్తుంటే రీజియన్, అంటే డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, మీ ప్లేయర్‌కు సరిపోవాలి. డీవీడీల్లో అమెరికా, కెనడా 1; పశ్చిమ యూరప్, జపాన్ 2; ఆస్ట్రేలియా, లాటిన్ అమెరికా 4; భారత్, రష్యా 5. బ్లూ-రేలో అమెరికా ఖండాలు, జపాన్ ‘ఎ’; యూరప్, ఆస్ట్రేలియా ‘బి’; భారత్, చైనా, రష్యా ‘సి’. 4కే డిస్కులకు రీజియన్ తాళం లేదు, కానీ అదే పెట్టెలో వచ్చే మామూలు బ్లూ-రేకు ఉండొచ్చు. అదనపు విశేషాలు తరచూ దాని మీదే ఉంటాయి.

డిస్క్ చేతికొచ్చాక మొదటి పని దాని అడుగు చూడటం. ఫ్యాక్టరీలో అచ్చొత్తిన డీవీడీ వెండి రంగులోనో లేత బంగారు రంగులోనో మెరుస్తుంది. ఊదా ఛాయ కనిపిస్తే అది కంప్యూటర్‌లో రాసిన (బర్న్ చేసిన) డిస్క్, ఆయుష్షు తక్కువ, కొన్ని ప్లేయర్లు చదవవు. వాపసు గడువు లోపే పూర్తిగా నడిపించి చూడండి, ముఖ్యంగా సినిమా మధ్య భాగం. రెండు పొరల డిస్క్‌లో లేజర్ లోపలి నుంచి అంచు దాకా వెళ్లి, పొర మారి, మళ్లీ లోపలికి వస్తుంది. అంటే మధ్యలో వచ్చే సన్నివేశాలు అంచున ఉంటాయి, వేలిముద్రలు పడేదీ అక్కడే. ఒక్క క్షణం ఆగి ముందుకు పోతే అది పొర మార్పు. గళ్లు పడి బిగుసుకుపోతే మురికో, గీతో. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో నడి రంధ్రం నుంచి అంచుకు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. గీతలు పోగొట్టే పాలిషింగ్ యంత్రాలు డీవీడీకి కొంతవరకు పనిచేస్తాయి, దాని డేటా పొర 0.6 ఎంఎం లోతున ఉంటుంది. బ్లూ-రేలో ఆ లోతు 0.1 ఎంఎం మాత్రమే, పైగా గట్టి పూత ఉంటుంది. ఆ యంత్రంలో పెడితే డిస్క్ పోయినట్టే.

ఇక టీవీ. గదిలో దీపాలు ఆర్పేసి, పిక్చర్ మోడ్‌ను సినిమా లేదా ఫిల్మ్‌మేకర్‌కు మార్చండి. కదలికలను నునుపు చేసే మోషన్ సెట్టింగ్, నాయిస్ రిడక్షన్, డైనమిక్ కాంట్రాస్ట్ మూడూ ఆపేయండి. నలుపు-తెలుపు బొమ్మ నీలంగా కనిపిస్తే కలర్ టెంపరేచర్‌ను వార్మ్‌కు తిప్పండి. కలర్‌ను మాత్రం సున్నా చేయకండి, చేస్తే ‘నోస్ఫెరాటు’ రాత్రులు మళ్లీ పగళ్లవుతాయి.

తర్వాత హెచ్‌డీఎంఐ రేంజ్, అంటే ప్లేయర్ నుంచి టీవీకి వెళ్లే బొమ్మలో నలుపు, తెలుపుల హద్దులు నిర్ణయించే సెట్టింగ్. ప్లేయర్, టీవీ రెండూ లిమిటెడ్‌లో ఉండాలి. ప్లేయర్ ఫుల్, టీవీ లిమిటెడ్ అయితే నీడలు తారులా ముద్దకడతాయి. తిరగబడితే నలుపంతా పొగమంచవుతుంది.

ఇప్పుడు 1.37:1 సినిమాలో ఒక చీకటి సన్నివేశం దగ్గర పాజ్ నొక్కండి. పక్కనున్న నల్ల పట్టీలే మీ కొలబద్ద, అంతకంటే నలుపు డిస్క్‌లో ఉండదు. బ్రైట్‌నెస్‌ను పట్టీలు బూడిదరంగుకు తిరిగేదాకా పెంచి, అవి మళ్లీ నల్లబడేదాకా ఒక్కో అంకె తగ్గించండి. నల్లబడగానే ఆగిపోండి. సన్నివేశంలో నల్లకోటు వేసుకున్నవాడెవడైనా ఉంటే కోటు మడతలు, గుండీలు లీలగా కనిపించాలి. ఇంకో రెండు అంకెలు తగ్గిస్తే గుండీలు మాయమైపోతాయి. కొన్ని కొత్త టీవీల్లో బ్రైట్‌నెస్ అన్నది తెర వెలుగును మారుస్తుంది. వాటిలో ఈ పని బ్లాక్ లెవెల్ అన్న మీటతో చేయాలి.

శబ్దానికి మెనూలో మోనో (ఒకే ఛానెల్ శబ్దం) ఉంటే అదే ఎంచుకోండి. యాంప్లిఫయర్‌లో అన్ని స్పీకర్లనూ మోగించే మోడ్ ఆపండి, మాటలకు ప్రతిధ్వని వస్తుంది. నైట్ మోడ్ కూడా తీసేయండి. అది నిశ్శబ్దాన్ని పైకి లాగి పాత సౌండ్‌ట్రాక్ బుసను వినిపిస్తుంది, ఆ నిశ్శబ్దాన్ని చీల్చుకు రావాల్సిన కేకనేమో నొక్కేస్తుంది.