సైక్లోక్రాస్ సైకిల్ మార్పులు – 4: పది స్పీడ్‌లన్నీ ఒకే పది కాదు

సైక్లోక్రాస్ సైకిల్ (బురద, గడ్డి దారుల పందేల కోసం చేసినది) గురించి పోయిన పాఠంలో ఒక వాక్యం రాశాను: "మీది 10 స్పీడ్ సైకిల్ అయితే 10 స్పీడ్ హైడ్రాలిక్ లివర్లే కొనండి, క్యాసెట్ జోలికి పోనక్కర్లేదు." (10 స్పీడ్ అంటే వెనక పళ్ల చక్రాలు పది, ఆ చక్రాల గుత్తే క్యాసెట్; హైడ్రాలిక్ అంటే ఆయిల్ ఒత్తిడితో పట్టే బ్రేకు.) రాసినంతవరకు తప్పు లేదు. రాయకుండా వదిలేసిందే కొంప ముంచింది. మీలో ముగ్గురు కొన్నారు. ముగ్గురికీ బ్రేకు బ్రహ్మాండంగా పడుతోంది, గేర్లు మాత్రం పడటం లేదు. ఒకాయన వారం రోజులు బారెల్ అడ్జస్టర్ (కేబుల్ బిగువు సరిచేసే మర) తిప్పాడు, హ్యాంగర్ (చెయిన్‌ని చక్రం నుంచి చక్రానికి నెట్టే డెరైల్లర్ వేలాడే ముక్క) వంగిందేమోనని అదీ మార్పించాడు, ఆఖరికి సైకిల్‌ని కారులో వేసుకుని మా ఇంటికే వచ్చేశాడు. కాబట్టి ఈసారి చెబుదామనుకున్న ఆయిల్ మార్చే పని పక్కన పెడుతున్నాను. ముందు నా అప్పు తీర్చుకోవాలి.

ఆయన సైకిల్‌ని స్టాండు మీద పెట్టి, చెయిన్‌ని అన్నిటికంటే చిన్న చక్రం మీద ఉంచి, పెడల్ చేత్తో తిప్పుతూ ఒక్కో క్లిక్కు నొక్కాం. మొదటి క్లిక్కుకి పక్క చక్రం ఎక్కింది, కాస్త గరగర. రెండో క్లిక్కుకి ఎక్కాలా దిగాలా అని ఊగిసలాట. మూడో క్లిక్కుకి రెండు చక్రాల మధ్య పళ్లను గీకుతూ నిలబడింది. ఐదో క్లిక్కుకి చూస్తే, చెయిన్ ఐదు చక్రాలకు బదులు ఆరు దాటి, ఏమీ ఎరగనట్టు ఏడో చక్రం మీద నిశ్శబ్దంగా తిరుగుతోంది. అది చూశాక ఇంకేం చూడక్కర్లేదు. అడ్జస్టర్ తప్పయితే ప్రతి గేరులోనూ ఒకే రకం గరగర ఉంటుంది. క్లిక్కు క్లిక్కుకీ తప్పు పెరుగుతూ పోతుంటే అది అడ్జస్టర్‌తో తీరే జబ్బు కాదు.

ఇక్కడ కొంచెం లెక్క. విసుక్కోకండి, మూడు గుణకారాలే. షిఫ్టర్ (గేరు మార్చే మీట) ఒక్కో క్లిక్కుకి ఇంత కేబుల్ లాగుతుంది. డెరైల్లర్ ఆ లాగుడుకి ఇన్ని రెట్లు పక్కకు జరుగుతుంది. రెండూ గుణిస్తే క్యాసెట్‌లో పక్కపక్క చక్రాల మధ్య దూరం రావాలి. షిమానో కంపెనీ 10 స్పీడ్ క్యాసెట్‌లో ఆ దూరం సుమారు 3.95 మి.మీ.

వాళ్ల పాత 10 స్పీడ్ రోడ్ సెట్లు, అంటే టియాగ్రా 4600, 105లో 5700, అల్టెగ్రా 6700: షిఫ్టర్ దాదాపు 2.3 మి.మీ. లాగుతుంది, డెరైల్లర్ 1.7 రెట్లు జరుగుతుంది. 3.9. సరిపోయింది.

ఆ తర్వాత వచ్చిన టియాగ్రా 4700: అదీ 10 స్పీడే, క్యాసెట్ అదే, చెయిన్ అదే. కానీ షిఫ్టర్ 2.8 మి.మీ. లాగుతుంది, డెరైల్లర్ 1.4 రెట్లే జరుగుతుంది. అదీ 3.9. అదీ సరిపోయింది.

ఇప్పుడు కొత్త షిఫ్టర్‌ని పాత డెరైల్లర్‌కి కట్టండి. 2.8ని 1.7తో గుణిస్తే 4.76. క్లిక్కుకి 0.8 మి.మీ. ఎక్కువ. ఐదు క్లిక్కులకు 4 మి.మీ., అంటే ఒక నిండు చక్రం. మా ఇంటి స్టాండు మీద మేం చూసింది ఇదే. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన చుట్టాలైపోరు. డబ్బా మీద "10 స్పీడ్" అన్న మాట చక్రాలెన్నో చెబుతుంది, లాగుడు సంగతి చెప్పదు. ఈ ఒక్క ముక్క అమ్మేవాళ్లు పెద్ద అక్షరాల్లో ఎందుకు రాయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అసలు చిక్కు డ్రాప్ హ్యాండిల్‌లోనే (కిందికి వంగిన రేసు హ్యాండిల్) ఉంది. బ్రేకు లివరూ గేరు షిఫ్టరూ ఒకే ఒంట్లో ఉంటాయి. మీరు బ్రేకు కొన్నామనుకుంటారు, దాంతోపాటు గేర్ల లాగుడూ ఇంటికొస్తుంది. పాత లాగుడుతో షిమానో హైడ్రాలిక్ డ్రాప్ లివర్ చేయనే లేదు. ఆర్ఎస్405 అయినా, ఎస్‌టీ-4720 అయినా, జీఆర్ఎక్స్ 400 అయినా మూడూ 4700 లెక్కే.

కొనేసినవాళ్లు లివర్లు వెనక్కి పంపకండి. వెనక డెరైల్లర్ మార్చండి. 4700లో పొడవు పంజరం (చెయిన్‌ని బిగువుగా పట్టే చట్రం) ఉన్నది 34 పళ్ల దాకా మోస్తుంది. నన్నడిగితే జీఆర్ఎక్స్ 400 డెరైల్లర్ తీసుకుంటాను, దానికి క్లచ్ ఉంది, గతుకుల్లో చెయిన్ ఎగరదు. అయితే మీ క్యాసెట్‌లో పెద్ద చక్రం 32 నుంచి 36 పళ్ల మధ్య ఉండాలి. పెడల్ దగ్గరి ముందు డెరైల్లర్ కూడా 4700దే కావాలి, పాతదానితో ఎడమ లివర్ పొసగదు. ఈ తలనొప్పి నాకిష్టం లేక నేనైతే ముందు డెరైల్లర్ పీకేసి, 40 పళ్ల ఒంటి చక్రం వేసి, ఎడమ లివర్‌ని బ్రేకుకే వదిలేస్తాను. ఇది నా బద్ధకం, సూత్రం కాదు.

11 స్పీడ్ లివర్లకు పోదామనుకునేవాళ్లకు డెరైల్లర్, క్యాసెట్, చెయిన్ అన్నీ మారతాయి. పైగా 11 స్పీడ్ రోడ్ క్యాసెట్ పాత ఫ్రీహబ్ (క్యాసెట్ తొడిగే వెనక హబ్ భాగం) మీద కూర్చోదు, 1.85 మి.మీ. చోటు చాలదు. వెనక వీల్ మార్చే ఉద్దేశం లేకపోతే షిమానో 11–34 పళ్ల 11 స్పీడ్ క్యాసెట్ కొనండి, స్పేసర్ రింగు తీసేస్తే అది పాత ఫ్రీహబ్ మీద పడుతుంది.

స్రామ్ (ఇంకో విడిభాగాల కంపెనీ) వాళ్ల 10 స్పీడ్‌లో రోడ్, మౌంటెన్ రెండింటి లాగుడూ ఒకటే, ఈ గొడవే లేదు. కాకపోతే సెకండ్ హ్యాండ్‌లో వాళ్ల తొలి హైడ్రాలిక్ లివర్లు చవగ్గా దొరికితే ఆగండి. గడ్డకట్టే చలిలో సీళ్లు పనిచేయక 2013 డిసెంబరులో కంపెనీయే వాటిని వెనక్కి పిలిపించింది.

ఇంకో మాట, ఇది మన ఊళ్ల వాళ్లకు. షిమానోలో మినరల్ ఆయిలే పోయాలి. మోటార్‌సైకిల్ మెకానిక్ "బ్రేక్ ఆయిల్ ఏదైనా ఒకటే అన్నా" అంటాడు. అతని దగ్గరుండేది డాట్ రకం. అది పోస్తే సీళ్లు పాడవుతాయి.

నిజం చెప్పాలంటే నా సొంత సైకిల్‌కి హైడ్రాలిక్ లేదు. పాత 5700 లివర్లే ఉంచుకుని, కేబుల్‌తో నడిచే టీఆర్పీ స్పైర్ డిస్కులు వేశాను. రెండు ప్యాడ్లూ కదులుతాయి, గేర్ల జోలికి పోనవసరం లేదు. అంతకుముందు బీబీ7 డిస్కు బ్రేకు కొన్నప్పుడు తొందరలో రోడ్ రకం బదులు మౌంటెన్ రకం తెప్పించాను. దానికి కావలసినంత కేబుల్ రోడ్ లివర్ లాగలేదు. అనంతగిరి దిగుతుంటే లివర్ హ్యాండిల్‌కి తగిలింది, సైకిల్ ఆగలేదు. ఆ రోజు చెప్పుల అడుగు అరిగింది. లాగుడు తప్పితే గేరులో గరగరే, బ్రేకులో అయితే ఒళ్లు హూనం. క్యాంటీ బ్రేకులు తీసి మామూలు వీ-బ్రేకులు (రెండూ రిమ్మును నొక్కే రకాలే) బిగించినవాళ్లదీ ఇదే కథ. రోడ్ లివర్లకు 80–90 మి.మీ. బ్రేకు చేతులున్న మినీ వీ కావాలి.

ఫ్రేముకు డిస్కు మౌంట్లు (డిస్కు బ్రేకు బిగించే చోట్లు) లేనివాళ్లు క్యాంటీ, మినీ వీ దగ్గరే ఆగాలి. సైక్లోక్రాస్ పందేల్లో డిస్కులకు యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) అనుమతి వచ్చిందే 2010లో, అంతకుముందు ఫ్రేములన్నీ దాదాపు అలాంటివే. మౌంట్లు ఉన్నవాళ్లు అవి పోస్ట్ మౌంట్ రకమా ఫ్లాట్ మౌంట్ రకమా చూసుకుని దానికి తగ్గ కాలిపర్ (ప్యాడ్లు నొక్కే భాగం) కొనండి. బిగించడం మీకు తెలిసిందే.

అభ్యాసం, ఈసారి తప్పించుకోలేరు. వెనక డెరైల్లర్ దగ్గర కేబుల్ విప్పండి. షిఫ్టర్‌ని చివరి క్లిక్కు దాకా వదిలేసి, కేబుల్‌ని చేత్తో బిగువుగా పట్టుకుని, అవుటర్ (కేబుల్ మీది తొడుగు) అంచుకి 40 మి.మీ. దూరంలో సన్నటి టేపు చుట్టండి, దగ్గరైతే అది అవుటర్‌కి అడ్డు తగులుతుంది. ఇప్పుడు అంచుకీ టేపుకీ మధ్య దూరం స్టీల్ స్కేలుతో చూసి, 10 స్పీడ్ షిఫ్టర్‌ని తొమ్మిది సార్లూ నొక్కి, మళ్లీ చూడండి. తేడా 21 మి.మీ. చుట్టుపక్కల వస్తే పాత లాగుడు. 25 చుట్టుపక్కల వస్తే 4700. 22, 23 వస్తే కేబుల్ వదులుగా పట్టుకున్నారు, మళ్లీ చేయండి.

తర్వాత డెరైల్లర్. బోల్టు దగ్గర కేబుల్ బిగించి సరిగ్గా 10 మి.మీ. లాగి, పై జాకీ చక్రం (డెరైల్లర్‌లో చెయిన్ తిరిగే చిన్న చక్రం) పక్కకు ఎంత జరిగిందో కొలవండి. 17 వస్తే పాతది, 14 వస్తే కొత్తది. మూడేసి సార్లు కొలిచి, రెండు అంకెలూ కాగితం మీద రాసి సైకిల్ పక్కన అంటించండి. ఆ కాగితం లేకుండా ఎవరూ ఏమీ ఆర్డర్ పెట్టకండి. వచ్చేసారి ఆయిల్ మారుద్దాం, పాత గుడ్డలు దగ్గర పెట్టుకోండి.