షిఫ్ట్ మారేటప్పుడు చెప్పింది చెవికెక్కాలంటే

షిఫ్ట్ మారే హడావుడిలో ఆపరేటర్ ఏదో చెప్తాడు, సూపర్‌వైజర్ "సరే సరే, చూస్తాలే" అంటాడు, రాత్రికి అదే మెషీన్ ఆగుతుంది. మా ప్యాకింగ్ సెక్షన్లో ఈ గోల తగ్గించిన పద్ధతి ఇది.

చెప్పే మనిషిని మొదటి 2 నిమిషాలు ఆపకండి. ఫోన్ జేబులో, పెన్ను చేతిలో. వాళ్లన్న మాటల్నే నాలుగైదు రాసుకోండి. "ప్యాకెట్ సీలింగ్ దగ్గర కాలిన వాసన" అంటే అలాగే రాయాలి, "హీటర్ ప్రాబ్లం" అని మనం తేల్చేయకూడదు. తేడా అంతా ఇక్కడే వస్తుంది. ఆపరేటర్ వాసన అంటాడు, మనం రోగం పేరు పెట్టేస్తాం, మెకానిక్ వచ్చి హీటర్ మార్చి పోతాడు, లోపల బెల్టు అరుగుతూనే ఉంటుంది.

అయ్యాక ఒక్క వాక్యంలో తిరిగి చెప్పండి: "రెండో లైన్లో స్పీడు పెంచితేనే వాసనొస్తోంది, అంతేనా అన్నా?" కంట్రోల్ టవర్ చెప్పిన ఎత్తు, రన్‌వే నంబరు పైలట్లు తిరిగి చదివి వినిపించేది ఇందుకే. తర్వాత "ఇంకేమన్నా ఉందా?" అని అడిగి 5 సెకన్లు ఊరుకోండి. ఆ కాసేపు భలే ఇబ్బందిగా ఉంటుంది గానీ, అసలు సంగతి చాలాసార్లు అప్పుడే బయటికొస్తుంది.

మనిషి కోపంలో ఉంటే మాత్రం ఇది పనికిరాదు. అతని మాటే తిరిగి అంటే వెక్కిరించినట్టుంటుంది. అప్పుడు రాయడం ఆపి, పక్కకు తీసుకెళ్లి టీ ఇప్పించి వినండి. పొగ కనబడితే వినడం తర్వాత, ముందు మెషీన్ ఆపండి.