‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ చదివే ముందు వరసలు తేల్చుకోండి

మా అక్క కూతురు కడపలో డిగ్రీ చదువుతోంది, ఇంగ్లీషు లిటరేచర్. మొన్న ఎండాకాలం సెలవుల్లో జేన్ ఆస్టిన్ ఇంగ్లీషు నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. “మామా, నలభై పేజీలు అయిపోయాయి, ఎవరు ఎవరో తెలీడం లేదు. మిస్ బెన్నెట్ అని ఒకచోట ఉంది, మిస్ ఎలిజబెత్ అని ఇంకోచోట, ఇద్దరూ ఒకరేనా?” అని అడిగింది. చేతిలో ఒక గైడు కూడా ఉంది. అందులో హీరో డార్సీ అంటే గర్వం, హీరోయిన్ ఎలిజబెత్ అంటే దురభిప్రాయం అని రెండు ముక్కల్లో తేల్చేశారు. పరీక్షలో రాస్తే మార్కులు పడతాయేమో గానీ, దాన్ని నమ్ముకుని చదివితే ఎలిజబెత్‌లో ఉన్న గర్వం కనపడదు, డార్సీకున్న దురభిప్రాయమూ కనపడదు, అవి రెండూ కనపడకపోతే ఆ పుస్తకంలో మనకు మిగిలేది నాలుగు పెళ్లిళ్లే.

ఒక వారం పాటు ఆ పాపను కూర్చోబెట్టి చెప్పిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. అప్పుడు మా మేనత్త కూడా ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, కానీ మా చుట్టాల్లో చాలా సంబంధాలు ఆమె చేతి మీదుగా కుదిరినవే. కథ తెలుగులో చెబుతుంటే ఆమె మధ్యలో అడిగిన ప్రశ్నలు గైడు కంటే ఎక్కువ పనికొచ్చాయి.

ముందు ఒక తెల్లకాగితం తీసుకుని వరసలు గీయండి. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో లాంగ్‌బోర్న్ అనే పల్లె, అక్కడ బెన్నెట్ దంపతులు, ఐదుగురు కూతుళ్లు: జేన్, ఎలిజబెత్, మేరీ, కిట్టీ, లిడియా. మిస్ బెన్నెట్ అంటే పెద్దమ్మాయి జేన్. మిగతావాళ్లకు మిస్ ఎలిజబెత్, మిస్ మేరీ అని సొంత పేరు తగిలిస్తారు. చిక్కు ఎక్కడంటే, జేన్ పక్కన లేనప్పుడు ఎలిజబెత్ కూడా మిస్ బెన్నెట్ అయిపోతుంది, మా పాప తికమక పడింది అక్కడే. అట్లాగే డార్సీ బంధువు లేడీ క్యాథరిన్‌కు ‘లేడీ’ పక్కన సొంత పేరు ఉంటుంది, ఎందుకంటే ఆమె ఎర్ల్ అనే పెద్ద బిరుదున్న దొర కూతురు, అది పుట్టుకతో వచ్చిన గౌరవం. బెన్నెట్ల పొరుగింటి లేడీ లూకస్‌కు ఉన్నది మొగుడి ఇంటిపేరు. ఆ మొగుడు సర్ విలియం, పక్కనున్న మెరిటన్‌లో వ్యాపారం చేసుకుంటూ మేయర్‌గా ఉన్నప్పుడు రాజుగారికి విన్నపం చదివి ‘సర్’ సంపాదించుకున్నాడు, ఆ తర్వాత వ్యాపారం నామోషీ అనిపించి మానేశాడు. చూశారా, పిలుపులోనే ఎవరిది ఏ మెట్టో ఉంది. బెన్నెట్ సొంత పేరు మాత్రం పుస్తకం అంతా వెతికినా దొరకదు, భార్య కూడా ఆయన్ను మిస్టర్ బెన్నెట్ అనే పిలుస్తుంది. దీనికి మా పాపకు వివరణ అక్కర్లేకపోయింది, వాళ్లమ్మ మా బావను పేరుపెట్టి పిలవడం అది ఏనాడూ వినలేదు.

వరసలు గీసేటప్పుడు ఒకచోట మన బుర్ర అడ్డం తిరుగుతుంది. లేడీ క్యాథరిన్, డార్సీ తల్లి తోడబుట్టినవాళ్లు. పిల్లలు ఉయ్యాల్లో ఉన్నప్పుడే తన కూతురు ఆన్‌ను డార్సీకి అనుకున్నామని లేడీ క్యాథరిన్ వాదన. “అక్కాచెల్లెళ్ల పిల్లలకు పెండ్లేంది రా, వాళ్లు అన్నాచెల్లెళ్లు కదా!” అని మా అత్త మండిపడింది. మేనమామ కూతురై ఉంటే నోరు మెదిపేది కాదు. కాలిన్స్ సంగతి ఇంకా ఘోరం. ఆయన బెన్నెట్‌కు దాయాది, బెన్నెట్ తర్వాత ఆస్తి దక్కించుకోబోయే మనిషి, మన లెక్కలో ఆ ఐదుగురికీ అన్న వరస. అట్లాంటివాడు పెళ్లికొడుకై దిగుతాడు! ఇంగ్లండ్‌లో ఈ రెండింటికీ అడ్డు లేదు, మేనరికం వేరు, పిన్నమ్మ పిల్లలు వేరు అనే తేడా వాళ్లకు లేదు, అందరూ కజిన్లే. కాబట్టి ఎలిజబెత్ కాలిన్స్‌ను వద్దన్నది వరస కలవక కాదు. ఈ సంగతి ముందే గుర్తు పెట్టుకోకపోతే ఆ సీన్‌లో లేని కారణం వెతుక్కుంటూ, ఉన్న కారణాన్ని వదిలేస్తాం.

ఇక ప్రతి పేరు పక్కనా ఒక అంకె వేయండి. జేన్ ఆస్టిన్ లెక్కలు దాచుకునే మనిషి కాదు. డార్సీకి ఏడాదికి 10,000 పౌండ్లు, అతని స్నేహితుడు బింగ్లీకి నాలుగైదు వేలు, బెన్నెట్‌కు 2,000. ఇవి జీతాలనుకోకండి. డార్సీ, బెన్నెట్‌లది భూమి మీద వచ్చే రాబడి. బింగ్లీది తండ్రి వదిలిపోయిన దాదాపు లక్ష పౌండ్ల మీద వచ్చేది, ఆ లక్షకు మూలం వ్యాపారం, అతనికి ఇంకా సొంత భూమి లేదు, అతనుంటున్న నెదర్‌ఫీల్డ్ అద్దె ఇల్లే. అతని తోబుట్టువు కారొలిన్ మాత్రం లండన్ వ్యాపారుల పేటలో ఉండే ఎలిజబెత్ మేనమామ పేరు చెప్పి నవ్వుతుంది. అంకె పక్కన అది ఎక్కడినుంచి వచ్చిందో కూడా రాసుకుంటే ఆ నవ్వు ఎంత బోలుదో తెలుస్తుంది.

ఆడవాళ్లకు ఏడాది రాబడి చెప్పరు, మొత్తం చెబుతారు. డార్సీ చెల్లెలు జార్జియానాకు 30,000, కారొలిన్‌కు 20,000. ఎలిజబెత్‌కు 1,000, అదీ తల్లి తదనంతరం. నాలుగు శాతం వడ్డీకి ఏడాదికి నలభై పౌండ్లు. ఈ వెయ్యి సంగతి, నాలుగు శాతం సంగతి కాలిన్స్ పెళ్లి అడగడానికి వచ్చి, ఆ అడగడంలోనే ఆమె మొహాన చెబుతాడు. వీటిని రూపాయల్లోకి మార్చే పని పెట్టుకోకండి, ఒకరి అంకెను ఇంకొకరి అంకె పక్కన పెట్టి చూస్తే చాలు.

అంకెలు వేశాక మిసెస్ బెన్నెట్ దగ్గరికి రండి. మొదటిసారి చదివిన ప్రతివాళ్లూ ఆమెను చూసి నవ్వుతారు, నేనూ నవ్వాను. బెన్నెట్ ఆస్తి ఎన్‌టెయిల్ అనే కట్టుబాటులో ఉంది, మగవాళ్లకే దిగాలి, కూతుళ్లకు రాదు. అదేదో దొరల కాలం నాటి వింత అనుకోవద్దు. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే చట్టం 1986లో వచ్చింది, 1985 సెప్టెంబరు నుంచి వర్తించింది, అదీ అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకే. మా అత్తకు అప్పటికే పెళ్లయిపోయింది. అందుకేనేమో ఆమె నవ్వలేదు. “ఐదుమంది ఆడబిడ్డలు, ఆయప్ప కన్ను మూస్తే ఇల్లు దాయాదికి పోతాది. ఆయమ్మ అరవకుంటే ఇంగెవురు అరుస్తారు?” అంది. ఆ మాట తర్వాత మిసెస్ బెన్నెట్ నాకు వేరేగా కనపడింది. తెలివితక్కువదే, పదిమందిలో కూతుళ్ల పరువు తీసేదే, జేన్‌ను వానలో తడిసి అక్కడే ఉండిపోవాలని బండి ఇవ్వకుండా గుర్రం మీద నెదర్‌ఫీల్డ్‌కు పంపిన మనిషే. కానీ ఆ ఇంట్లో ముంచుకొస్తున్న కష్టం గురించి టెన్షన్ పడుతున్నది ఆమె ఒక్కతే.

ఆయన మాట? బెన్నెట్ జోకులు బాగుంటాయి, మనల్ని తన పక్కకు లాగేసుకుంటాడు. అందుకే ఆయన విషయంలో ఒక చిన్న పని చేయండి: ఏం అన్నాడో వదిలేసి ఏం చేశాడో మాత్రమే రాయండి. జాబితా చాలా పొట్టిగా వస్తుంది. కొడుకు పుడతాడు, వాడితో కలిసి ఆ కట్టుబాటు తెంచేయొచ్చు అనుకుంటూ ఏళ్ల తరబడి ఒక్క పౌండు వెనకేయలేదు. పదహారేళ్లు నిండీ నిండని లిడియాను సైనికుల మకాం ఉన్న బ్రైటన్‌కు పంపొద్దని ఎలిజబెత్ చెబితే, పంపకపోతే ఇంట్లో ప్రశాంతత ఉండదని పంపేశాడు. నా మట్టుకు నాకు ఆ ఇంట్లో ఎక్కువ నష్టం చేసింది ఆయనే.

విక్‌హామ్ అనే యువ సైనికాధికారికి కూడా ఇదే మందు. కాగితం మధ్యలో గీత గీసి ఎడమ పక్క మాట, కుడి పక్క చేత. పరిచయమైన కొత్తలోనే, మొదటిసారి కూర్చుని మాట్లాడినప్పుడే, డార్సీ తనకు చేసిన అన్యాయం అంటూ కుటుంబ గుట్టంతా ఎలిజబెత్ ముందు పరిచేస్తాడు. డార్సీ తండ్రి మీద గౌరవంతో డార్సీని బయటపెట్టనంటాడు, డార్సీ ఊరు వదలగానే ఊరంతా చెబుతాడు. డార్సీకి నేను భయపడి తప్పుకోను అంటాడు, నెదర్‌ఫీల్డ్ డ్యాన్సుకు మొహం చాటేస్తాడు. మేరీ కింగ్ అనే అమ్మాయికి 10,000 పౌండ్లు రాగానే అటు తిరుగుతాడు. ఇదంతా మన కళ్ల ముందే జరుగుతుంది, ఎలిజబెత్ కళ్ల ముందూ జరుగుతుంది, అయినా ఆమెకు కనపడదు. ఎందుకంటే మొదటి డ్యాన్సులోనే డార్సీ తనను చూసి ‘ఫర్వాలేదు, నన్ను కదిలించేంత అందమేం కాదు’ అన్న మాట ఆమె చెవిన పడింది. పెళ్లిచూపులకు వచ్చినవాడు అట్లా అంటే మనవాళ్లు ఏడు తరాలు గుర్తుపెట్టుకుంటారు. అక్కడినుంచి డార్సీని తిట్టేవాడల్లా ఆమెకు మంచివాడే. 1796–97లో రాసిన మొదటి ప్రతికి ఆస్టిన్ పెట్టుకున్న పేరు ‘ఫస్ట్ ఇంప్రెషన్స్’, పుస్తకం అచ్చయింది 1813లో.

ఎలిజబెత్ స్నేహితురాలు, సర్ విలియం కూతురు షార్లెట్ దగ్గర కూడా ఎలిజబెత్ చూపును పూర్తిగా నమ్మకండి. ఇరవై ఏడేళ్లు, అందం లేదు, డబ్బు లేదు, కాలిన్స్ అడిగితే ఒప్పుకుంది, అదీ ఎలిజబెత్‌ను అడిగిన మూడు రోజుల్లోపే. ఎలిజబెత్‌కు ఇది దిగజారుడు. మా అత్తకు ఇందులో వింతే కనపడలేదు. తర్వాత ఎలిజబెత్ వాళ్లింటికి వెళ్లినప్పుడు ఒక చిన్న సంగతి ఉంటుంది, చాలామంది చూడకుండా దాటేస్తారు: షార్లెట్ తను కూర్చునే గదిని ఇంటి వెనకవైపు పెట్టుకుంది. బాగుండే గది వేరే ఉన్నా పెట్టుకోలేదు. తన గది బాగుంటే మొగుడు కూడా అక్కడే కూర్చుంటాడు కదా! రోడ్డు కనిపించే ముందు గది ఆయనకు వదిలేసింది. షార్లెట్ గురించి పది పేజీల వ్యాసం కంటే ఆ గది ఎక్కువ చెబుతుంది.

ఇంకో జాగ్రత్త. ఈ రచయిత్రి తన అభిప్రాయంలా రాసే వాక్యాలు చాలాసార్లు ఊరివాళ్ల అభిప్రాయాలు. డబ్బున్న బ్రహ్మచారికి పెళ్లాం కావలసిందేనని లోకమంతటికీ తెలుసు అనే అర్థంతో మొదలవుతుంది నవల. అది ఆస్టిన్ మాట కాదు, ఆడపిల్లలున్న ఇళ్ల మాట. అట్లాంటి వాక్యం వచ్చినప్పుడల్లా ‘ఇది ఎవరి గొంతు?’ అని పక్కన పెన్సిలుతో రాసుకోండి. లైబ్రరీ పుస్తకమైతే వద్దు.

కర్నల్ ఫిట్జ్‌విలియం లాంటి చిన్న పాత్రల మీద ఎక్కువ సేపు కూర్చోనక్కర్లేదు. ఎర్ల్ కొడుకే, కానీ పెద్దకొడుకు కాదు, ఆస్తి రాదు, డబ్బున్న పిల్లనే చేసుకోవాలి, అంతే. అట్లా ఆస్తి రాని చిన్నకొడుకులకు ఆ రోజుల్లో సైన్యం, చర్చి, కోర్టు, లేదంటే కుంపిణీ కొలువు. ఆస్టిన్ చనిపోయిన 1817లోనే మన బ్రౌన్ దొర కుంపిణీ కొలువుకు మద్రాసులో దిగాడు, మూడేళ్లకు కడపకు వచ్చాడు. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట ఉన్న లైబ్రరీకి మా పాప రోజూ పోతుంది గానీ, ఈ నవలలోని మనుషులదీ ఆయనదీ ఇంచుమించు ఒకే కాలమని దానికి అప్పటిదాకా తట్టలేదు.

డార్సీకి మాత్రం ఓపిక పట్టండి. 34వ అధ్యాయంలో ఎలిజబెత్‌ను పెళ్లి అడుగుతాడు, ఆమె కాదంటుంది, 35లో ఉత్తరం ఇస్తాడు, 36లో ఎలిజబెత్ ఆ ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదువుతుంది. మీరు కూడా 35ను రెండుసార్లు చదవండి, ఒకసారి ఆమెలా కోపంగా, ఇంకోసారి నిమ్మళంగా. అప్పుడు ఒకటి గమనిస్తారు: విక్‌హామ్ విషయంలో అతను చెప్పింది నిజం, జేన్‌కు బింగ్లీ మీద ప్రేమ లేదనుకోవడం తప్పు. సినిమా హీరోలా అంతా కరెక్టు అయిపోడు. 43లో డార్సీ సొంత ఇల్లు పెంబర్లీని చూసుకునే ముసలామె, నాలుగేళ్ల పిల్లాడప్పటి నుంచి ఈయన నోట కసురుమాట వినలేదంటుంది. జీతం తీసుకునే మనిషి మాట నమ్మొచ్చా అని మా పాప అడిగింది, మంచి ప్రశ్నే. అందుకే లిడియా విక్‌హామ్‌తో లేచిపోయాక డార్సీ గుట్టుగా విక్‌హామ్ అప్పులు తీర్చిన సంగతి దాకా ఆగి తీర్పు చెప్పమన్నాను.

కథ అంతా అయ్యాక మా అత్త గైడులో లేని ప్రశ్న ఒకటి వేసింది. “నలుగురి సంగతి చెప్పినావు, ఆ మూడో పిల్ల ఏమైంది?” మేరీ గురించి చివరి అధ్యాయంలో నాలుగు ముక్కలే ఉన్నాయి: ఇంట్లో మిగిలింది ఆమె ఒక్కతే, తల్లితో పాటు నలుగురిలోకి పోవాల్సి వచ్చింది, అక్కచెల్లెళ్ల అందంతో పోల్చేవాళ్లు లేక కాస్త ఊపిరి పీల్చుకుంది. అదే చెప్పాను.

“అయితే ఆ పాపకు ఇంగా చూస్తాండారన్నమాట” అంది.