బొగ్గు యూనిట్‌కు సౌరవేడిని జోడించే విధానం

బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని సౌరవేడికి మార్చదలచినవారు అద్దాల ధరతో కాక, టర్బైన్‌కు కావలసిన ఆవిరితో లెక్క మొదలుపెట్టాలి. సాధారణ సబ్‌క్రిటికల్ (నీటి సంధి పీడనం కంటే తక్కువ ఒత్తిడిలో ఆవిరి తయారయ్యే) యూనిట్‌లో ఆ ఆవిరి సుమారు 540 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. పారాబోలిక్ ట్రఫ్ (తొట్టిలా వంగిన) అద్దాల గొట్టాల్లో తిరిగే సింథటిక్ నూనె 400 డిగ్రీలు దాటితే చెడిపోతుంది కనుక, దానితో ప్రధాన ఆవిరిని తయారుచేయలేము. చుట్టూ ఉన్న అద్దాలు ఎండను గోపురం పైకి మళ్లించే సోలార్ టవర్‌లో వేడెక్కే నైట్రేట్ లవణాల ద్రవం మాత్రం 565 డిగ్రీల వరకు అందుకుంటుంది.

అయితే టవర్‌కు భూమి కావాలి. అమెరికాలోని నెవాడాలో 110 మెగావాట్ల క్రెసెంట్ డ్యూన్స్ కేంద్రం, పది గంటల నిల్వతో కలిపి, దాదాపు 1,600 ఎకరాలు తీసుకుంది. అదే లెక్కన 500 మెగావాట్ల యూనిట్‌కు ఏడు వేల ఎకరాలకు పైగా అవసరం. బొగ్గు కేంద్రం పక్కన అంత ఖాళీ నేల దొరకడం అరుదు. అందుచేత పూర్తి మార్పిడిని చిన్న యూనిట్లకే పరిమితం చేసి, పెద్ద వాటిలో ఫీడ్ వాటర్‌ను, అంటే బాయిలర్‌లోకి వెళ్లే నీటిని, ఎండతో వేడిచేయడం మేలు.

స్థలం విషయంలో, ఎండ మండిపోతోందంటే సరిపోదు. అద్దాలు నేరుగా పడే కిరణాలనే కేంద్రీకరించగలవు. మబ్బు, తేమ, ధూళి చెదరగొట్టిన వెలుతురు వాటికి పనికిరాదు. అటువంటి నేరు ఎండ ఏడాదికి చదరపు మీటరుకు 1,800 నుంచి 2,000 కిలోవాట్ గంటలైనా ఉండాలి. 50 మెగావాట్ల ట్రఫ్ కేంద్రం అనంతపురం జిల్లాలో వెలసిందని తీరంలోని బొగ్గు కేంద్రాలకూ అదే లెక్క వర్తింపజేయకూడదు. ఉపగ్రహ అంచనాలను నమ్ముకోకుండా, అక్కడే పరికరం పెట్టి కనీసం ఒక ఏడాది కొలవడం మంచిది. బూడిద చెరువు, బొగ్గు యార్డు నుంచి గాలి వీచే దిక్కున అద్దాలు పెడితే వాటిని కడగడానికే మనుషులు, నీళ్లు చాలవు.

అసలు పని హై ప్రెషర్ హీటర్ల దగ్గర ఉంటుంది. మామూలుగా టర్బైన్ మధ్యనుంచి కొంత ఆవిరిని తీసి, ఈ హీటర్లలో ఫీడ్ వాటర్‌ను సుమారు 250 డిగ్రీలకు చేరుస్తారు. వాటికి సమాంతరంగా ఒక లైన్ వేసి, నీటిలో కొంత భాగాన్ని సౌరవేడి ఎక్స్ఛేంజర్ గుండా పంపాలి. ఎండ పెరిగేకొద్దీ ఆ లైన్‌లో ప్రవాహం పెరుగుతుంది, హీటర్లు తీసుకునే ఆవిరి తగ్గుతుంది. మిగిలిన ఆవిరి టర్బైన్‌లోనే పనిచేస్తుంది. దానిని అదనపు విద్యుత్తుగా తీసుకోవాలా, బొగ్గు తగ్గించుకోవాలా అన్నది ముందే తేల్చుకోవాలి. అదనపు విద్యుత్తు కోరితే చివరి దశల బ్లేడ్లు, కండెన్సర్, జనరేటర్ ఆ భారాన్ని మోయగలవని టర్బైన్ తయారీదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. మబ్బు పట్టినప్పుడు ఎకనమైజర్‌లోకి (పొగ వేడితో నీటిని వేడిచేసే బాయిలర్ భాగంలోకి) వెళ్లే నీటి ఉష్ణోగ్రత ఊగిసలాడకుండా, ఆవిరి వాల్వులు వెంటనే తెరుచుకునేలా కంట్రోల్‌ను సరిచేసి, పాక్షిక లోడ్‌లోనూ పరీక్షించాలి.

యూనిట్‌కు మిగిలిన ఆయుష్షును టెండరుకు ముందే చూడాలి. ఆస్ట్రేలియాలోని లిడ్డెల్ బొగ్గు కేంద్రానికి ఫ్రెనెల్ అద్దాలు (వరుసలుగా అమర్చిన సన్నని, దాదాపు చదునైన అద్దాలు) జోడించారు. ఆ కేంద్రమే 2023లో మూతపడింది. పాతికేళ్లు పనిచేయగల అద్దాలను ఎనిమిదేళ్లలో ఆగిపోయే బాయిలర్‌కు కట్టిపెడితే పెట్టుబడి తిరిగిరాదు.