డయాలసిస్ వాళ్లు నడుము వ్యాయామం చేసేముందు

ఉద్దానంలో డయాలసిస్ బాధ తెలియని ఊరు తక్కువ. నాలుగేసి గంటలు కదలకుండా పడుకుంటే నడుము పట్టేస్తుంది. చాప పరిచే ముందు ఇవి చూసుకోండి.

– డయాలసిస్ అయిన వెంటనే వద్దు, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మర్నాడు, అదీ డాక్టరు సరేనన్నాకే.

– ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతిమీద బరువు మోపకండి. ఆ చోట వేలు ఆనిస్తే జివ్వుమనే అదురు తెలియాలి. తెలియలేదా, వ్యాయామం మాని వెంటనే ఆసుపత్రికి.

– ఎముకలు బలహీనపడి ఉండొచ్చు. వంగి కాలివేళ్లు అందుకోవడం, నడుము మెలితిప్పడం వద్దు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుమును మెల్లగా నేలకి అదిమి వదిలితే చాలు.

– జ్వరమున్నా, కాళ్లు తిమ్మిరెక్కినా ముందు డాక్టరు.

– నొప్పి బిళ్లలు సొంతంగా కొనకండి.

– దాహమేసిందని బొండం కొట్టించుకోకండి! మన తోటదైనా అందులోని పొటాషియం పొటాషియమే, పాడైన కిడ్నీలు దాన్ని సరిగా బయటికి పంపలేవు. రోజు నీళ్ల లెక్కలోంచే రెండు గుక్కలు.